మిస్ ఈడిత్ పలికే పేర్లు

అమెరికాలో ఏమేం చూశావని గుంటూరులో ఎవరడిగినా ఇన్నాళ్లూ నయాగరా గురించే చెప్పేదాన్ని. జలపాతం, పడవ, రెయిన్‌కోటు వేసుకున్నా తడిసిపోయిన చీర, అంతే నా అమెరికా. ఈసారి అడిగితే మాత్రం అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నదికి అవతల ఉన్న ఒక చిన్న ఊరి గురించి చెబుతాను. అక్కడ మొక్కజొన్న చేలు, ఒక చర్చి, ఒక ధాన్యం గిడ్డంగి తప్ప చూడ్డానికేమీ లేవు. నేను ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. అయినా అంత తేలికపడిన మనసుతో ఇల్లు చేరిన ప్రయాణం నాకు ఇంకొకటి లేదు.

నేపర్‌విల్

మేం షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాం. నేను నర్సుని. గుంటూరులో చదువుకుని, పెళ్లయ్యాక మావారితో ఇక్కడికి వచ్చి, పరీక్షలు మళ్లీ రాసి ఆస్పత్రిలో చేరాను. నా వార్డులోనే నర్సుగా పనిచేసే క్యారల్ ఒకరోజు లంచ్‌లో నా పక్కన కూర్చుని అడిగింది.

"సుగుణా, ఇండియాలో నీది ఏ భాష?"

తెలుగు అన్నాను. ఆ పేరు ఆమె అంతకుముందు విన్నట్టు లేదు. ఆమె మొహం వెలిగింది.

"అయితే మా ఆంటీ నీ భాషవాళ్లని ఇంతవరకు అడగలేదు!"

క్యారల్ మేనత్త మిస్ ఈడిత్ రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ నర్సు. ఇండియా సిపాయి ఒకడు ఆమె చేతుల్లో పోయాడు. పోయేముందు ఏవో మాటలు చెప్పాడు. వాటి అర్థం తెలుసుకోవాలని ఆమె అప్పటినుంచీ, నలభై ఏళ్లుగా, ఇండియా మనిషి కనిపిస్తే చాలు, ఆపి అడుగుతుంది. ఒక పంజాబీ డాక్టరుని అడిగింది, గుజరాతీ మోటెల్ యజమానిని అడిగింది. ఎవరికీ తెలియలేదు.

"ఈ చలికాలంలో ఆవిడకి చిన్న స్ట్రోక్ వచ్చింది. పేర్లు మర్చిపోతోంది. ఆ మాటలు కూడా మర్చిపోతానేమోనని భయపడుతోంది. మెమోరియల్ డేకి నేను వెళ్తున్నాను. నువ్వూ వస్తావా?"

మెమోరియల్ డే అంటే మే నెలాఖరు సోమవారం. యుద్ధాల్లో పోయినవాళ్ల సమాధుల మీద పూలు పెట్టే రోజు. మన లెక్కలో పెద్దల్ని తలుచుకునే రోజు అనుకోండి, కాకపోతే దానికి ఆఫీసులు కూడా మూసేస్తారు.

ఇంటికొచ్చి మావారికి చెబితే ఆయన సరేనన్నారు. "లాంగ్ వీకెండే కదా, వెళ్లిరా. పాపని నేను మేనేజ్ చేస్తా. కానీ ఆవిడకి ముందే హోప్స్ పెట్టకు. మనకున్న భాషల్లో అది తెలుగే అవ్వాలని ఎక్కడుంది?"

ఆ మాట దారంతా నా మనసులో తిరుగుతూనే ఉంది.

గోంగూర సీసా

ఎవరింటికైనా ఒట్టి చేతులతో వెళ్లడం మనకు అలవాటు లేదు. గుంటూరు నుంచి అమ్మ పంపిన గోంగూర పచ్చడి ఒక సీసా మిగిలి ఉంటే అదే పట్టుకున్నాను. మూత సరిగ్గా బిగించలేదు. గంట గడిచేసరికి క్యారల్ కారంతా వెల్లుల్లి, ఇంగువ. ఆమె పాపం ఏమీ అనకుండా కిటికీ అద్దం కొంచెం దించింది. తర్వాత పూర్తిగా దించింది.

దారిలో టిఫిన్‌కి ఒక చిన్న హోటల్‌లో ఆగాం. ఇక్కడ కాఫీకి ఒక్కసారి డబ్బిస్తే చాలు, కప్పు ఖాళీ అయినప్పుడల్లా మళ్లీ పోస్తారు. మన హోటళ్లలో ఇలా పెడితే మధ్యాహ్నానికి మూసుకోవాల్సిందే. వడ్డించే ఆవిడ మా దగ్గరికొచ్చి గాలి పీల్చింది.

"అమ్మాయిలూ, ఈ వాసన మీ దగ్గర్నుంచేనా?"

నేను సిగ్గుతో సీసా సంగతి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. రుచి చూస్తానంది. టోస్ట్ ముక్క మీద కొంచెం రాసిచ్చాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు తెరిచి విసురుకుంది. "దేవుడా!" అని, ముక్కు తుడుచుకుని, "ఇంకొంచెం పెట్టు" అంది. వెళ్లేటప్పుడు ఒక ఖాళీ జామ్ సీసా కడిగి తెచ్చిచ్చింది, గట్టి మూతతో.

నది దాటాక

ఇల్లినాయి అంతా బల్లపరుపుగా ఉంటుంది. గలీనా దగ్గరికొచ్చాక మాత్రం కొండలు, ఎర్ర ఇటుకల ఇళ్లు. ఆ తర్వాత మిసిసిపీ. వంతెన ఎక్కగానే నాకు చెయ్యి ఆగలేదు. కృష్ణ మీద రైలు పోతున్నప్పుడు చేసినట్టే పర్సులోంచి ఒక నాణెం తీసి కిటికీలోంచి విసిరాను.

"ఏం పారేశావు? ఫైన్ వేస్తారు!" అని క్యారల్ అరిచింది.

నదికి దణ్ణం పెట్టుకుని నాణెం వేస్తే అనుకున్న పని అవుతుందని మా నమ్మకం అన్నాను. ఆమె కాసేపు రోడ్డు చూస్తూ డ్రైవ్ చేసి, "నా పర్సులోంచి కూడా ఒకటి తీసి వెయ్యి" అంది. అప్పటికి వంతెన దాటేశాం.

అయోవా పల్లె రోడ్ల పక్కన బల్లల మీద కూరగాయల కట్టలు పెట్టి ఉంటాయి. అమ్మే మనిషి ఉండడు. ఒక డబ్బాలో డబ్బులేసి కట్ట తీసుకెళ్లడమే. నేను చుట్టూ చూశాను, చెట్టు చాటున ఎవరైనా కాపలా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. అక్కడ ఎర్రటి కాడలు, వెడల్పాటి ఆకులతో ఒక కట్ట ఉంది. రూబార్బ్ అంది క్యారల్. కాడ కొరికి చూశాను. అచ్చం చుక్కకూర పులుపు! సంతోషంతో రెండు కట్టలు తీసుకున్నాను.

మిస్ ఈడిత్ వంటిల్లు

మిస్ ఈడిత్ పొడవాటి మనిషి. ఎడమ చెయ్యి కొంచెం బరువుగా కదులుతోంది కానీ నడుము నిటారుగా ఉంది. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో సగం మంది ఆమె చేతుల మీదుగానే పుట్టారట. తలుపుకి తాళం వెయ్యదు.

నేను నర్సునని వినగానే నా రెండు చేతులూ తీసుకుని తిప్పి చూసింది. "పని చేసే చేతులే. రా లోపలికి" అంది.

ఆ సాయంత్రం వంట నేను చేస్తానన్నాను. కందిపప్పు దొరకదు కాబట్టి అక్కడున్న పచ్చబఠానీ పప్పు ఉడకేశాను. రూబార్బ్ కాడలు పక్కన పడేసి, ఆకులు కడిగి శుభ్రంగా తరగడం మొదలెట్టాను. ఆకుకూర అంటే మనకు ఆకే కదా. మిస్ ఈడిత్ లోపలికొచ్చి చూసి, ఆ బరువు చెయ్యితోనే నా చేతిలో గిన్నె లాక్కుంది.

"ఆకు విషం! తినేది కాడ!"

క్యారల్ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. నేను మాత్రం చెమటలు తుడుచుకున్నాను. ముగ్గురు నర్సులూ ఒకే రాత్రి ఆస్పత్రి పాలయ్యేవాళ్లం. కాడలతో చేసిన పప్పు బ్రహ్మాండంగా కుదిరింది. మిస్ ఈడిత్ రెండుసార్లు వడ్డించుకుంది.

తిన్నాక, ఇంకా ఎండ ఉండగానే, వరండాలో కూర్చుని ఆమె చెప్పడం మొదలెట్టింది.

"నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. జపాన్ లొంగిపోయాక మా ఆస్పత్రి ఓడ పసిఫిక్‌లో ఒక దీవికి వెళ్లింది. మా అమెరికన్ ఖైదీలు ఉంటారనుకున్నాం. అక్కడున్నది మీ వాళ్లు."

సింగపూరు పడిపోయినప్పుడు బ్రిటిష్ సైన్యంలోని మన సిపాయిలు వేలమంది జపాన్‌కి చిక్కారు. కొందరిని ఆ దీవులకు తీసుకెళ్లి, తిండి పెట్టకుండా చాకిరీ చేయించారు. ఈ సంగతి నేను స్కూల్లో చదువుకోలేదు. అయోవాలో ఒక వరండాలో విన్నాను.

"ఓడ ఎక్కించాక కూడా కొందరు పోయారు. మా డాక్టరు 'ఇండియన్, పురుషుడు' అని రాసి పంపెయ్యమన్నాడు. నేను రాయనన్నాను. ఒక సర్దార్ హవల్దారుకి కొంచెం ఇంగ్లీషు వచ్చు. ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మంచం మంచం దగ్గరికీ తోసుకెళ్లాను. పోయినవాడి పేరేంటి, ఊరేది, ఏ దేవుడికి మొక్కుతాడు అని అడిగించాను. దీవి మీద అంతకుముందే పాతిపెట్టినవాళ్లకి ఏ గుర్తూ లేదు. బతికున్నవాళ్లు వేలు పెట్టి చూపిస్తే, ప్యాకింగ్ పెట్టెల చెక్కలు కోయించి పేర్లు పెట్టాం. హిందువుల్ని దహనం చెయ్యాలన్నారు. సప్లై ఆఫీసరు డీజిల్ ఇవ్వనన్నాడు. ఇచ్చేదాకా ఆయన తలుపు ముందునుంచి కదల్లేదు."

"అంతసేపూ నిలబడ్డారా?"

"కుర్చీ వేసుకున్నాను. నర్సులు ఊరికే నిలబడకూడదు, సుగుణా. నీకు తెలియదా?"

అందరి పేర్లూ దొరికాయి, ఒక్కడిది తప్ప. అతని భాష ఆ వార్డులో ఎవరికీ రాదు. వాళ్లంతా ఉత్తరాది వాళ్లు. అతను ఆమె కనిపించినప్పుడల్లా ఒకే మాట చెప్పేవాడు.

"అందులో యాపిల్ అని వినపడేది. యాపిల్ కావాలేమోనని డబ్బాలోది మెత్తగా చేసి తినిపించాను. తిని నవ్వాడు. మళ్లీ అదే మాట అన్నాడు. ఇంకొంచెం పెట్టాను. మూడు రోజులు బతికాడు. అందరం 'యాపిల్ బాయ్' అనేవాళ్లం. ఒక మనిషిని పండు పేరుతో మట్టిలో పెట్టి వచ్చాను."

నేను ముందుకు జరిగి, "ఆ మాట ఏమిటో చెప్పండి" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుని, బడిపిల్లకి స్పెల్లింగ్ చెప్పినట్టు, విడివిడిగా పలికింది. "నాన్. యాపిల్. సామ్. ఈనామా. బీమ్. నీపట్. నమ్."

నాకేమీ తట్టలేదు. నాన్ అంటే తమిళంలో 'నేను' కదా, తమిళుడేమో అన్నాను. "ఒక తమిళ పాస్టరుని అడిగాను. కాదన్నాడు" అంది. ఈనామా అంటే బహుమానమా? మళ్లీ చెప్పించాను. మళ్లీ మళ్లీ చెప్పించాను. చెప్పినకొద్దీ అది ఏ భాషా కాకుండా పోయింది.

"పర్వాలేదు. నువ్వు ఇంత దూరం వచ్చావు" అందామె. వచ్చి తప్పు చేశాననిపించింది.

పియోనీ పూలు

ఆదివారం చర్చి భోజనం. ఎవరి గిన్నె వాళ్లు తెస్తారు, అందరి గిన్నెల్లోంచీ అందరూ తింటారు. నేను మిగిలిన పప్పు పట్టుకెళ్లాను. ఒక ముసలి రైతు దాన్ని సాస్ అనుకుని కేకు మీద పోసుకున్నాడు. బాగుందనే అన్నాడు.

మధ్యాహ్నమంతా ఊరి ఆడవాళ్లు పెరళ్లలో పియోనీ పూలు కోశారు. గులాబీ కన్నా పెద్దవి, రేకుల నిండా చీమలు. ఖాళీ కాఫీ డబ్బాలకు వెండి కాగితం చుట్టి, నీళ్లు పోసి, అందులో పూలు పెడతారు. మిస్ ఈడిత్ డబ్బాకి కాగితం చుడుతూ పెదాలు కదుపుతోంది. పేర్లు వల్లె వేసుకుంటోంది. ఒకచోట ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మొదలెట్టింది. అక్కడే మళ్లీ ఆగింది. క్యారల్ నావైపు చూసి తల దించుకుంది.

సోమవారం, సమాధుల తోట

ఊరంతా వచ్చింది. బ్యాండు వాయించారు, జెండా దించి ఎత్తారు, పాస్టరు ప్రార్థన చేశాడు. అందరూ వెళ్లిపోయాక మిస్ ఈడిత్ తన అమ్మానాన్నల సమాధి పక్కనున్న ఖాళీ గడ్డి దగ్గరికి వెళ్లింది. దీవి చాలా దూరం. అందుకని ఆమె ప్రతి ఏడూ ఇక్కడే డబ్బా పెట్టి పేర్లు చెబుతుంది.

"గుర్బచన్ సింగ్. ఫజల్ ఖాన్. బహాదూర్ నేగీ..." అమెరికన్ నాలుక మీద మన పేర్లు. నిన్న ఆగిన చోటే ఆమె మళ్లీ ఆగింది.

"మెహర్ దీన్" అంది వెనకనుంచి క్యారల్, మెల్లగా.

మిస్ ఈడిత్ తిరిగి చూసింది. "నీకెలా తెలుసు?"

"చిన్నప్పటినుంచీ వింటున్నాను కదా ఆంటీ. నాకు అన్నీ వచ్చు."

ఆమె క్యారల్ చెయ్యి పట్టుకుంది. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుని, పోయిన ధైర్యం తిరిగొచ్చినట్టు, మిగతా పేర్లు గబగబా చెప్పేసింది. నేను గాలికి పడిపోయిన డబ్బాని నిలబెడుతున్నాను. వినాలని కూడా వినడం లేదు. చివరి పేరు వెనకే, ఆగకుండా, ఒక్క ఊపిరిలో ఆ మాట వచ్చింది.

"నానాపల్సామినమ్మా బీమ్నిపట్నం."

డబ్బా నా చేతిలోంచి జారింది.

నాది గుంటూరు. మేం 'నేను' అంటాం. కానీ మా అత్తవారిది విశాఖపట్నం. మా అత్తగారు "నాను రానమ్మా, నాను తిననమ్మా" అంటుంది. అటువైపు సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లుండదు.

"మళ్లీ అనండి!"

"నాన్. యాపిల్..."

"అలా కాదు, నెమ్మదిగా వద్దు. ఇప్పుడన్నట్టు, గబగబా."

అంది. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. అవి చల్లగా ఉన్నాయి.

"మిస్ ఈడిత్, అతను యాపిల్ అడగలేదు. పేరు చెప్పాడు. 'నాను అప్పలసామినమ్మా. బీమునిపట్నం.' నేను అప్పలస్వామిని, మాది భీమునిపట్నం అని. మా అత్తగారి ఊరి పక్కనే, సముద్రం ఒడ్డున ఉంటుంది. చివర్లో 'అమ్మా' అన్నది మిమ్మల్ని. మర్యాదగా అలా పిలుస్తాం."

ఆమె మెల్లగా వాళ్ల నాన్న సమాధి రాయి మీద కూర్చుంది.

"నేను అందరినీ పేరు అడుగుతున్నాను కదా..."

"అందుకే చెప్పాడు."

"మొదటిరోజే చెప్పాడా?"

"మీరు కనిపించినప్పుడల్లా చెప్పాడు."

"చెప్పినప్పుడల్లా నేను యాపిల్ తినిపించాను" అని ఆమె నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "పాపం, ఈ పిచ్చిదానికి ఎన్నిసార్లు చెప్పాలి అనుకుని ఉంటాడు!"

కాసేపయ్యాక ఆమె మొహం మళ్లీ ముడుచుకుంది. "ఏ మతమో తెలియక పూడ్చాను, సుగుణా. కాల్చేస్తే తర్వాత మార్చడానికి ఉండదని. హవల్దారు అతని మొహం కడిగి తెల్లగుడ్డ కప్పాడు. వార్డులో నడవగలిగినవాళ్లంతా వచ్చి ఎవరి ప్రార్థన వాళ్లు చెప్పారు. అతను హిందువైతే నేను తప్పు చేసినట్టేనా?"

ఆమెను ఊరడించడానికి కాదు, నిజంగానే చెప్పాను. మావైపు హిందువుల్లో కూడా పూడ్చే కులాలు చాలా ఉన్నాయి. పూడ్చడం తప్పు కాదు. పోయినవాణ్ణి కడిగి, కొత్త గుడ్డ కప్పి, నలుగురూ వెంట వచ్చారు. మా ఊళ్లో అయినా అంతకంటే ఏం చేస్తారు?

ఆమె చాలాసేపు గడ్డివైపు చూస్తూ కూర్చుంది. భుజాలు కిందికి దిగాయి. అంతవరకు అవి అంత బిగుసుకుని ఉన్నాయని నేను గమనించలేదు.

తర్వాత పేరు నేర్పించమంది. అపాలా, అప్లా, అప్పాల. 'ప్ప' దగ్గర పెదాలు గట్టిగా మూసి వదలమన్నాను. క్యారల్ కూడా కలిసింది. ముగ్గురం ఆ ఖాళీ తోటలో అప్పలస్వామి అని పైకి అరుస్తుంటే, గడ్డి కోసే మనిషి మిషను ఆపి మావైపు చూశాడు. మిస్ ఈడిత్ అతన్ని పిలిచి అతనిచేత కూడా అనిపించింది.

తిరిగొచ్చాక

మర్నాడు బయలుదేరేసరికి ఆమె ఇంకా నిద్రలేవలేదు. ఆమె ఎండ వచ్చేదాకా పడుకోవడం తానెప్పుడూ చూడలేదని, లేపొద్దని క్యారల్ అంది. చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చేశాం.

ఇంటికొచ్చి విశాఖపట్నంలో బ్యాంకులో పనిచేసే మా మరిదికి ఫోన్ చేశాను. లైను దొరకడమే గగనం. దొరికాక అరిచి చెప్పాను. అతను ఆ ఆదివారమే బస్సెక్కి భీమిలికి, అంటే భీమునిపట్నానికి, వెళ్లాడు.

"వదినా, ఊళ్లో దిగి అప్పలస్వామి ఇల్లెక్కడని అడిగితే, ఏ అప్పలస్వామి అని నవ్వారు" అన్నాడు తర్వాత ఫోన్‌లో. "ఆ యుద్ధానికి వెళ్లి తిరిగి రాని అప్పలస్వాములు ముగ్గురున్నారు. ఒకాయనకి తమ్ముడున్నాడు. ఒకాయనకి కొడుకు. ఒకాయనకి అక్క, ముసలావిడ. మూడిళ్లకీ అప్పట్లో 'జాడ తెలియదు' అనే కబురే వచ్చింది. గుర్తులేమైనా ఉన్నాయా?"

మిస్ ఈడిత్‌ని అడిగాను. "ఒట్టి ఎముకలు, సుగుణా. అందరూ ఒకేలా ఉండేవాళ్లు" అంది.

ఆ మాట మరిది మూడిళ్లకీ వెళ్లి చెప్పాడు. గొడవ పడతారేమో, మావాడంటే మావాడంటారేమోనని భయపడ్డాను. వాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారట. ఎవరైతేనేం, ముగ్గురిదీ ఒకే రోజు చేసేద్దామన్నారట. అందరూ కలిసి సముద్రం ఒడ్డుకి వెళ్లి పిండాలు పెట్టి, తలస్నానాలు చేసి ఇళ్లకి వెళ్లారు. మా మరిది కూడా వాళ్లతో పాటు మునిగాడు.

అప్పుడు ఆ ముసలి అక్క మరిది చెయ్యి పట్టుకుని, "ఒంటరిగా పోనాడని ఇన్నేళ్లూ ఏడిసినాం బాబూ. ఆ యమ్మ కడుపు సల్లగుండ" అందట.

ఇది ఎలాగైనా మిస్ ఈడిత్‌కి చెప్పాలని ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. సముద్రం, ముగ్గురు అప్పలస్వాములు, అంతా చెప్పాను. దీవెన దగ్గరికొచ్చేసరికి తడబడ్డాను. కడుపు చల్లగా ఉండాలంటే ఇంగ్లీషులో ఐస్‌క్రీమ్ తిన్నట్టుంటుంది. "పిల్లల తల్లిని అలా దీవిస్తాం. మీ పిల్లలు చల్లగా ఉండాలని" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

పెళ్లే చేసుకోని ఆవిడకి పిల్లలెక్కడున్నారు?

"పర్వాలేదు, అలాగే తీసుకుంటాను" అంది మిస్ ఈడిత్. "నాకు చాలామందే ఉన్నారు."